పులుల అడవికి పోని ఎండాకాలం

నాకు కోపం ఇంకా తగ్గలేదు. కాబట్టి ఈ సంగతి తీరిగ్గా, నిమ్మళంగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. ఏళ్లు గడిచాయి, నిజమే. అయినా మే నెల వచ్చి గుట్ట మీది నుంచి వడగాలి దిగిందంటే చాలు, 2019 ఎండాకాలం మా వంటింటి తలుపు మీద అంటించి ఉన్న కాగితం గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. నా బిడ్డ మనీష నోటుబుక్కు చించి రాసిన కాగితం అది. పైన పెద్ద అక్షరాలతో "పులుల అడవికి తీసుకుపోవాల్సినవి" అని రాసి, కింద పందొమ్మిది వరుసలు దించింది.

మాది నల్లగొండ జిల్లా. హైవే దిగి లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే గుట్ట కింద ఊరు. ఆ గుట్టను మూడేళ్లుగా విజేందర్ క్రషర్ కొరుక్కు తింటోంది. మధ్యాహ్నం పేలుడు పెట్టారంటే ఉడికే కూరలో దుమ్ము పడుతుంది, గోడలు నెర్రెలు విచ్చుకుంటాయి. ఒకరోజు గుర్వమ్మక్క ఇంటి దూలం జారి మంచం మీద పడింది. ఆమె అప్పుడు బోరింగు దగ్గర బిందె నింపుకుంటోంది కాబట్టి బతికిపోయింది. మా మహిళా సంఘంలో ఎప్పుడు కూర్చున్నా ఇదే మాట. ఆ ఏడు ఎంపీటీసీ ఎన్నికల్లో మా సీటు ఆడవాళ్లకు రావడంతో సంఘం వాళ్లంతా కలిసి నన్ను నిలబెట్టారు. ఇంటర్ చదివాను, బట్టలు కుడతాను, నోరుంది. ఏ పార్టీనీ టికెట్ అడగలేదు. విజేందర్ పక్క ఊరి నుంచి పోటీ చేస్తున్నాడు. అతని కన్ను మెంబరుగిరీ మీద కాదు, మండలాధ్యక్షుడి కుర్చీ మీద. ఆ కుర్చీ కూడా దక్కితే ఇక గుట్టకు అడిగే దిక్కుండదని మాకందరికీ తెలుసు.

టిప్పర్ లారీ తోలే నా మొగుడు సురేశ్ ఆ ఎన్నికల్లో నా కోసం తిరిగిన తిరుగుడు చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. ఎండలో గడపగడపకూ తిరిగాడు. ముసలివాళ్ల కాళ్లు మొక్కాడు. గుర్వమ్మక్క ఇంటి దూలం కథ నాకన్నా బాగా చెప్పాడు. ప్రచారం ఆఖరి సాయంత్రం నేను అరుగు మీద కూలబడి, కాళ్లకు లేచిన బొబ్బలకు వెన్న రాసుకుంటుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"గెలుస్తవో ఓడుతవో దేవుడెరుగు. ఓట్లయినంక మాత్రం మిమ్ముల ముగ్గుర్ని అమ్రాబాద్ అడవికి తీస్కపోత. పులులున్నయట ఆడ. రెండు మూడు దినాలు ఉండొద్దాం," అన్నాడు.

"నిజంగనా బాపూ?" అని మనీష లోపలి నుంచి ఉరికొచ్చింది. తొమ్మిదో తరగతి అప్పుడే ముగించింది. వాళ్ల సైన్సు టీచర్ నల్లమల గురించి చెప్పిన దగ్గర్నుంచి దానికి పులుల పిచ్చి.

సురేశ్ దాని నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ తోడు బిడ్డా."

పదిహేనేళ్ల కాపురంలో అత్తతో సహా మేము నలుగురం కలిసి ఊరు దాటింది రెండేసార్లు. ఒకసారి అలంపూర్ జోగులాంబ దగ్గరికి, ఒకసారి నా తమ్ముడి పెళ్లికి. అందుకే నమ్మాను. సంతోషపడ్డాను కూడా, దాచడం ఎందుకు.

ఓట్లు పడ్డాయి. లెక్కింపుకు ఇంకా మూడు వారాలు. ఆ మూడు వారాలూ మా ఇంట్లో గెలుపోటముల ఊసే లేదు, అంతా అడవే. మనీష ఫోన్లో చదివి చెప్పేది, నేను కుట్టేదాన్ని, మా అత్త సైదమ్మ అడ్డు ప్రశ్నలు వేసేది.

"రంగురంగుల బట్టలు కట్టొద్దట నాయినమ్మా. మట్టి రంగువో ఆకుపచ్చవో కట్టాలె."

"నాకు మట్టి రంగు చీరలు యాడివే? నేనేమన్న పోలీసునా?"

అత్త పెట్టెలోని చీరలన్నీ ఎరుపూ పసుపూ. చివరికి ఒక గోధుమ రంగు లుంగీ గుడ్డ తీసుకుని ఆమెకు పైన కప్పుకునేందుకు పెద్ద పైట కుట్టాను. మనీషకు పాత ప్యాంటు చింపి టోపీ కుట్టాను.

"పులి ఎదురైతె ఏం జెయ్యాలె?" అని అత్త అడిగింది.

"జీపు దిగొద్దు, గంతే."

"దిగుతనా బిడ్డా? నన్ను ఎక్కిచ్చుడే కష్టం."

"ఇంకోటి. అడవిల గట్టిగ మాట్లాడొద్దట."

"గట్లయితె మీ అమ్మను ఇంట్ల ఇడిశిపెట్టి పోవాలె," అంది అత్త. అందరం నవ్వాం. అందరికన్నా ఎక్కువగా నవ్వింది సురేశ్. ఆ నవ్వు తలుచుకుంటే ఆ చెంప ఇప్పుడైనా పగలగొట్టాలనిపిస్తుంది.

లెక్కింపు మే ఇరవై ఏడున అన్నారు. మా ప్రయాణం కూడా ఆ సాయంత్రమే అన్నాడు సురేశ్. తర్వాత లెక్కింపును జూన్ నాలుగుకు జరిపారు. మర్నాడే సురేశ్ వచ్చి, "ఆడ రూములు ఖాళీ లేవట. నాలుగో తారీఖుకు దొరికినయి," అన్నాడు. ఇంటర్ చదివినదాన్ని, పది మందికి బుద్ధులు చెప్పేదాన్ని, రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. బయటివాడైతే చూసేదాన్నేమో. మొగుడి మాటను ఎవరు తూకం వేస్తారు? నా మీద నాకున్న కోపమంతా అక్కడే ఉంది.

బయటపెట్టింది మనీష. అత్తకు మోకాళ్ల నొప్పులు కదా, ఆ గదులకు మెట్లున్నాయా లేవా అని దానికి బెంగ పట్టుకుంది. సురేశ్ చొక్కా జేబులో అడవి అంచున ఉండే ఏదో కాటేజీల కార్డు కనిపిస్తే దాని మీది నంబరుకు ఫోన్ చేసింది. నేను రొట్టెలు చేస్తున్నాను. అత్తకు వినపడాలని స్పీకర్ పెట్టింది.

"జూన్ నాలుగు నుంచి ఏడో తారీఖు ఉదయం దాకా రూములన్నీ ఫుల్ అమ్మా," అన్నాడు అవతలాయన.

"మాకు బుక్ అయినయి అంకుల్. సురేశ్ అని చూడుండ్రి."

"సురేశ్ పేరు మీద ఏమీ లేదమ్మా. మొత్తం విజేందర్ గారి పేరు మీదే ఉంది. ఎంపీటీసీ మెంబర్ల క్యాంపంట. మీరు వాళ్ల మనుషులేనా? పిల్లలు రారని చెప్పారే?"

మనీష నా వైపు చూసింది. పెనం మీద రొట్టె మాడింది. ఎవరం తియ్యలేదు.

క్యాంపంటే మా వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునేది గెలిచిన మెంబర్లు, అదీ చేతులెత్తి. అవతలి వాళ్లు ఎగరేసుకుపోకుండా గెలిచిన వాళ్లను లెక్కింపు కేంద్రం దగ్గరే బండెక్కిస్తారు. ఫోన్లు గుంజుకుంటారు. ఏ తీర్థంలోనో, ఏ రిసార్టులోనో మూడు రోజులు మేపి, చేతులెత్తే రోజు తిన్నగా మండలాఫీసు మెట్ల దగ్గర దింపుతారు. సంతకు తోలే మేకలకూ వాళ్లకూ తేడా, మేకలకు బిర్యానీ పెట్టరు. ఆ మందలో నన్ను కలపడానికే ఈ పులులు, ఈ అడవి, ఈ టోపీలు, అన్నీ. పార్టీ దాన్ని కాదు కాబట్టి నాకు క్యాంపేమిటి అనుకున్నాను. పార్టీ లేని దాని చెయ్యికే ధర ఎక్కువని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం సురేశ్ అన్నానికి వచ్చాడు. కంచం పెట్టి, ఎదురుగా నిలబడి అడిగాను.

"రూములు ఎవరి పేరు మీదున్నయి?"

తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూశాడు. "ఎవరి పేరు మీదుంటె ఏంది? పోయేది మనమే గద."

"మనమంటే ఎవరు? పిల్లలు రారట గద."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. ఇక దాచి లాభం లేదని అతనికి అర్థమైంది. "జర ఇను నవనీతా. పదముగ్గురు మెంబర్లు. రెండు దిక్కుల ఆరుగురు ఆరుగురు గెలుస్తరని అందరు అంటున్నరు. నువ్వు గెలిస్తె నడుమ నువ్వొక్కదానివే. నువ్వు చెయ్యి లేపితెనే విజేందరన్న కుర్సీల కూసుంటడు. మన టిప్పర్ రెండు నెలల సంది ఊకెనే పడి ఉన్నది. క్రషర్ల ఏడాది పొడుగు పని ఇప్పిస్తనన్నడు. నేను మాటిచ్చిన."

"ఎవరి మాట ఇచ్చినవ్?"

"మన మాట."

"నా చెయ్యి నీ భుజానికి మొలిశిందా? గుర్వమ్మక్క ఇంటి దూలం గా క్రషర్ తోటే పడ్డదని ఇంటింటికి తిరిగి చెప్పింది నువ్వే గద!"

"ఓట్లప్పుడు సవాలక్ష చెప్తం. గన్ని పట్టుకుంటె బతుకుతమా?"

"మాట ఎప్పుడిచ్చినవ్?"

సురేశ్ మళ్లీ ముద్ద కలపబోయాడు. గుమ్మంలో కూర్చున్న అత్త మెడ తిప్పింది. "అడుగుతాంది గద. ఎప్పుడిచ్చినవ్?"

"ప్రచారం ఆఖరి దినం," అన్నాడు గొణుగుతూ. "పొద్దుగాల."

పొద్దున అక్కడ మాటిచ్చి వచ్చి, సాయంత్రం బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టాడన్నమాట. నేను ఇంకా గెలవను కూడా లేదు. కోడి ఇంకా గుడ్డే పెట్టలేదు, నా మొగుడు పిల్లను అమ్మేశాడు. ఆ పూట కూడా నాతో పాటు నాలుగు వీధులు తిరిగి, నాలుగు గడపల దగ్గర గుట్టను కాపాడుకుందాం అన్నాడు. నాకు మొదట సిగ్గేసింది. కోపం దాని వెనకాల వచ్చింది గానీ, వచ్చాక మళ్లీ పోలేదు.

అత్త కొడుకును తిట్టడం నేను అంతకుముందు వినలేదు. "బర్రెను అమ్మేటప్పుడు బర్రెను అడుగరు. ఇది బర్రె అనుకున్నవారా?" అంది.

"నేను మాట తప్పితె నన్ను బతుకనిస్తరా? మీకేం, ఇంట్ల కూసుంటరు," అని సురేశ్ కంచం తోసేసి లేచిపోయాడు.

తలుపు మీది కాగితం పీకబోయాను. మనీష నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యమ్మా. లిస్టు ఏం జేసింది?"

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో చప్పుడు లేదు. సురేశ్ మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేను మెత్తబడ్డాననుకున్నాడు. మేమిద్దరం గోడకు చెరోవైపున బతికినట్టు బతికాం. నా పక్కన ఇన్నేళ్లు పడుకున్నవాడికి నా మౌనం అంటే ఏమిటో కూడా తెలియలేదు, చూడండి.

జూన్ నాలుగు పొద్దున బోరింగు దగ్గర గుర్వమ్మక్క కనిపించింది.

"అక్కా, నన్ను అడవికి తీస్కపోతరట ఇయ్యాల. నువ్వు కూడ వస్తవా?" అన్నాను.

ఆమె బిందె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. ఎన్నో క్యాంపులు చూసిన మనిషి, రెండో మాట అక్కర్లేకపోయింది. "ఎవరి బండి?" అని మాత్రం అడిగింది.

"విజేందర్ బండి."

"ఇంకెవరెవరు వస్తున్నరు?"

"ఓటేసినోళ్లు ఎవరొస్తె వాళ్లు."

"సద్ది కట్టుకోవాల్నా మరి?"

"కట్టుకో."

అంతే. ఇంటికొచ్చి తలకు పోసుకున్నాను.

లెక్కింపు మండల కేంద్రంలో జూనియర్ కాలేజీలో. అరవై మూడు ఓట్లతో గెలిచాను. అందరూ అన్నట్టే అటు ఆరు, ఇటు ఆరు, నడుమ నేను. గెలిచినట్టు ఇచ్చిన కాగితం మడిచి రవికెలో పెట్టుకుని గేటు బయటికొచ్చేసరికి పది మంది పట్టే తెల్ల తుఫాన్ బండి సిద్ధంగా ఉంది. సురేశ్ నా సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంచి ఎప్పుడు సర్దాడో నాకు తెలియదు. నా బట్టలు అతను సర్దడం అదే మొదటిసారి.

కానీ బండి ఖాళీగా లేదు. డ్రైవర్ పక్క సీట్లో గుర్వమ్మక్క ఒళ్లో టిఫిన్ గిన్నె పెట్టుకుని కూర్చుంది. వెనక సీట్ల నిండా మా సంఘం ఆడవాళ్లు. మూటలు, నీళ్ల సీసాలు, ఒకామె దగ్గర చాప. ట్రాక్టరు ఎక్కి వచ్చారు. గోధుమ రంగు పైట కప్పుకుని మా అత్త కిటికీ పక్కన, మట్టి రంగు టోపీ పెట్టుకుని మనీష ఆమె పక్కన.

విజేందర్ మనిషి రాకేష్ చెమటలు తుడుచుకుంటూ బతిమాలుతున్నాడు. "అమ్మా, ఇది మెంబర్ల బండి. దిగుండ్రి."

"మెంబర్ను జేసింది మేమే గద బిడ్డా," అంది గుర్వమ్మక్క. "మా ఓటు యాడుంటె మేమాడనే."

"ఆడ గంత జాగ లేదమ్మా. పులులుంటయి."

"పులులకు చెప్పు, జర పక్కకు జరుగుమని."

గేటు దగ్గరి కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. జనం మూగారు. ఎవరో ఫోన్లో తీస్తున్నారు. సురేశ్ నా దగ్గరికొచ్చి పళ్ల సందుల్లోంచి అన్నాడు:

"ఇజ్జత్ తియ్యకు నవనీతా. అందరు చూస్తున్నరు. వాళ్లను దించి నువ్వెక్కు. లేకుంటె ఇంకో బండి ఉన్నది, అండ్ల ఎక్కు."

"నేను రాను."

నా మణికట్టు పట్టుకున్నాడు. గాజులు గుచ్చుకునేంత గట్టిగా. పదిహేనేళ్లుగా నేను అతని మీద ఎన్నోసార్లు అరిచాను. ఉప్పుకు అరిచాను, తాగొస్తే అరిచాను. ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు.

"చెయ్యి ఇడువు," అన్నాను.

విడిచాడు.

రాకేష్ పక్కకు పోయి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. తమ మెంబర్లను రెండో బండిలో కుక్కి తీసుకుపోయారు. మావాళ్లు తుఫాన్ దిగితే కదా. అందులోనే కూర్చుని సద్ది మూటలు విప్పి తిన్నారు, డ్రైవర్‌కూ పెట్టారు. సాయంత్రం ఆ పిల్లగాడే, తిన్న ఉప్పు ఊరికే పోతుందా, మమ్మల్ని ఊళ్లో దింపి పోయాడు.

ఆ మూడు రోజులూ క్యాంపు మా వాకిట్లో జరిగింది. వంతులేసుకుని ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. పప్పు రుబ్బారు, పేన్లు చూసుకున్నారు, విజేందర్ ఏడు తరాలను తిట్టారు. నన్ను బోరింగుకు కూడా ఒంటరిగా పోనివ్వలేదు. సురేశ్ టిప్పర్‌లో పడుకున్నాడు. అన్నం వేళకు వచ్చి, అంతమంది ఆడవాళ్ల నడుమ తలొంచుకుని తిని పోయేవాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం కూర వేస్తూ, "తిను బిడ్డా, నీ పెండ్లాం గెలిచిన కూడు," అనేది. నాకు జాలి కలగలేదు. కలిగిందని చెబితే అబద్ధమవుతుంది.

ఏడో తారీఖు మండలాఫీసులో అధికారి పేర్లు చదివాడు. విజేందర్ వైపు వాళ్లు అడవి నుంచి తిన్నగా దిగారు. మగవాళ్ల కళ్లు వాచి ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్లు ఒకే రంగు కొత్త చీరల్లో ఉన్నారు. ఒకామె నా పక్క కుర్చీలో కూర్చుంటే, "పులి కనవడ్డదా అక్కా?" అని అడిగాను. "రూం దాటనిస్తె గద," అంది గోడ వైపు చూస్తూ.

"విజేందర్‌ను బలపరిచేవారు చేతులెత్తండి," అన్నాడు అధికారి.

ఆరు చేతులు లేచాయి. కిటికీ అవతల సురేశ్ నిలబడి ఉన్నాడు. అతని చూపు నా ముఖం మీద కాదు, నా ఒళ్లో ఉన్న చేతుల మీద ఉంది. వాటిని అక్కడే ఉంచాను. తర్వాత అవతలి అభ్యర్థి పేరు చదివినప్పుడు ఎత్తాను, అది ఏడో చెయ్యి. ఆమె దేవతేమీ కాదు. క్రషర్ మీద తీర్మానం పెడతానని మా వాకిటికొచ్చి అంతమంది ముందు చెప్పింది, అంతే. తీర్మానం పెట్టింది కూడా. దాంతో గుట్ట నిలిచిపోయిందని చెప్పను. ఇళ్ల వైపు తవ్వడం ఆపారు, అవతలి వైపు ఇప్పటికీ తింటున్నారు. చెయ్యెత్తితే కొండలు నిలబడవు. ఎత్తకపోతే మాత్రం తొందరగా కూలుతాయి.

టిప్పర్‌కు క్రషర్ పని రాలేదు. సురేశ్ సూర్యాపేట వైపు ఇటుక బట్టీలకు తోలడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చేవాడు, తినేవాడు. అతను నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. ఊళ్లో కొందరు మగవాళ్లు అతన్ని "మెంబరమ్మ మొగుడా" అని పిలిచేవాళ్లు. నాకు లోపల సంతోషంగానే ఉండేది.

జూన్ ఆఖరుకు తొలకరి పడింది. బడులు తెరిచారు. ఒక ఆదివారం మనీష చాప మీద కూర్చుని కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. నేను మిషను దగ్గరున్నాను. సురేశ్ తడిసి వచ్చి, తల తుడుచుకుని, బిడ్డ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎన్ని రోజులు కూడబలుక్కున్నాడో, ముఖం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"బిడ్డా, అడవికి పోదామే. వానలు తగ్గినంక పోదాం. ఈసారి నిజంగనే. మనం నలుగురమే."

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. నెలరోజులుగా నూరి పెట్టుకున్న మాట. మిషను తొక్కడం ఆపాను.

నాకు అవసరం రాలేదు. మనీష తల ఎత్తలేదు. గోధుమ రంగు అట్టను వేళ్లతో అణిచి మడత పెడుతూ అడిగింది.

"ఈసారి అమ్మ ఎవరికి ఓటెయ్యాలె బాపూ?"

దాని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.